ముచ్చట సిమ్ము మామ

ఈ నెల మొదట్లో మా మేనమామ జనగామలో కన్నుమూశాడు. అత్త ఫోన్ చేసి, "మీ మామ లేడు బిడ్డా" అని ఒక్క మాట చెప్పి పెట్టేసింది. దేవరుప్పుల, తరిగొప్పుల వైపు వాళ్లకూ, డోర్నకల్ చుట్టుపక్కల తండాల వాళ్లకూ ఆయన పేరు తెలియదు. 'ముచ్చట సిమ్ము సారు' అంటేనే తెలుస్తుంది. ఆ సిమ్ము ఆయనకంటే ముందే పోయింది.

ముచ్చట హైదరాబాద్‌లో పుట్టిన ఒక చిన్న ఫోన్ కంపెనీ. దానికి సొంత టవర్లు లేవు. ఒక పెద్ద కంపెనీ టవర్లను కిరాయికి వాడుకుంటూ తన పేరుతో సిమ్ములు అమ్మేది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలకు మామ డిస్ట్రిబ్యూటర్. అంతకుముందు ఆయనది దేవరుప్పులలో విత్తనాల దుకాణం. హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేస్తే మన యాసలోనే మాట్లాడతారని, లంబాడీలో మాట్లాడే అమ్మాయిలను కూడా పెట్టామని కంపెనీ వాళ్లు చెప్పగానే దుకాణాన్ని చిన్నమామకు అప్పగించాడు. సినిమాల్లో మన యాసకు జనం నవ్వుతుంటే, హాల్లో తల వంచుకుని కూర్చున్న తరం ఆయనది. "మనం మాట్లాడినట్టు మాట్లాడే కంపెనీ గిదొక్కటే" అని ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ చెప్పేవాడు.

వారపు అంగడి రోజున గొడుగు పాతుకుని కూర్చునేవాడు. డోర్నకల్ స్టేషన్ బయట రైలు దిగేవాళ్లను పేరుపేరునా పలకరించేవాడు. సిమ్ము వేసిచ్చాక, "ముందుగాల నీకు బాగా కావల్సినోళ్లకు చెయ్యి" అనేవాడు. వాళ్లు మాట్లాడుతుంటే తాను దూరంగా పోయి, అటు తిరిగి నిలబడేవాడు. ఒక తండాలో ముసలామె హెల్ప్‌లైన్‌కు చేసిందట. అవతలి అమ్మాయి లంబాడీలో పలికేసరికి, అడగాల్సింది మరిచిపోయి, నీది ఏ తండా, మీ అమ్మ ఎవరు అని అడుగుతూ కూర్చుందట. ఆ సంగతి చెప్పినప్పుడల్లా మామ కళ్లు తుడుచుకునేవాడు.

చదువు రానివాళ్లకు నంబరు కంఠస్థం చేయించడం ఆయనకు ఇష్టమైన పని. రెండేసి అంకెలుగా విడగొట్టి, పాటలా పలికించేవాడు. "నంబరు ఫోన్ల కాదు, నోట్లె ఉండాలె" అనేవాడు. నేను హన్మకొండ హాస్టల్లో ఉన్నన్నాళ్లూ రోజూ సాయంత్రం ఫోన్ చేసి ఏం తిన్నానో అడిగినవాడు ఆయనొక్కడే.

కొన్నేళ్లు ముచ్చట బాగా నడిచింది. తర్వాత పెద్ద కంపెనీలు చవకగా నెట్ ఇవ్వడం మొదలుపెట్టాయి. ముందు హెల్ప్‌లైన్ అమ్మాయిలను తీసేశారు. ఫోన్ చేస్తే రికార్డు చేసిన గొంతు వినిపించేది. ఆ తర్వాత అందరికీ ఇంగ్లీషులో ఒక మెసేజ్ వచ్చింది. ముచ్చట మూతపడుతోంది, ఫలానా తేదీలోగా నంబరును వేరే కంపెనీకి మార్చుకోండి, లేకపోతే నంబరు పోతుంది అని దాని సారాంశం. అది ఎంతమంది చదవగలరు? మామ బండి వేసుకుని ఊరూరా తిరిగాడు. తరిగొప్పులలో ఒకాయన, నువ్వు చెప్పినవనే తీసుకున్నామని నలుగురిలో నిలదీశాడట. మామ ఆ మనిషి ఆధార్ అడిగి తీసుకుని, అక్కడే కూర్చుని నంబరు మార్పించి వచ్చాడు.

అందరివీ మారాయి గాని, భూపాలపల్లి దగ్గరి తండాలో ఒకామెది మారలేదు. ఆమె భర్త బోరు బండి మీద పనికి మధ్యప్రదేశ్ వైపు పోయాడు. పోయే ముందు తన పేరు మీద సిమ్ము తీసుకుని ఆమెకిచ్చాడు. అతనికి చదువు రాదు. ఆ నంబరు అతని నోట్లో పెట్టింది మామే. ఎవరిదో ఒక ఫోన్ అడుక్కుని అప్పుడప్పుడు చేసేవాడు. కొన్ని నెలలుగా అదీ లేదు. బండి యజమానిని అడిగితే, మధ్యలోనే పని మానేసి పోయాడని చెప్పాడు. ఎవత్తెనో చూసుకుని ఉంటాడని తండాలో అన్నారు. ఆమె మాత్రం ఫోన్‌ను కొంగులో కట్టుకుని తిరిగేది.

నంబరు మార్చాలంటే సిమ్ము ఎవరి పేరున ఉందో వాళ్లే వచ్చి వేలిముద్ర వేయాలి. మామ, ఆమె, నేను హైదరాబాద్ ఆఫీసుకు పోయాం. సగం కుర్చీలు అప్పటికే ఖాళీ. అక్కడి ఉద్యోగి మర్యాదగానే విన్నాడు. ఆయన్ని తీసుకురండి, ఐదు నిమిషాల పని అన్నాడు.

"ఆయనే వస్తే ఇగ నంబరెందుకు సారూ?" అన్నాడు మామ.

అతను తన ఉద్యోగం కూడా ఆ నెలతో ఆఖరని చెప్పాడు. తేదీ దాటింది. నంబరు పోయింది.

అయినా మామ ఆ నంబరుకు రోజూ చేసేవాడు. వాడుకలో లేదనే గొంతును చివరిదాకా విని పెట్టేసేవాడు. చాలా నెలల తర్వాత ఒక ఉదయం అటువైపు ఎవరో ఎత్తారు. బీహార్ నుంచి హైదరాబాద్ వచ్చి పనిచేసుకునే మనిషి. కొత్త సిమ్ము కొంటే ఆ నంబరు వచ్చిందట. మామ తనకొచ్చిన హిందీలో అంతా చెప్పి, ఎవరైనా చేస్తే తన నంబరు ఇమ్మని బతిమాలాడు. ఆ మనిషి, ఎవరో చేశారు కదా అన్నాడు. సిమ్ము తీసుకున్న కొత్తలో ఒకతను రెండుసార్లు చేశాడట. ఏదో అర్థం కాని భాష. రాంగ్ నంబర్ అని తనే పెట్టేశాడు. ఏ నంబరు నుంచో ఇప్పుడు ఫోన్‌లో లేదు.

ఈ సంగతి ఆమెకు చెప్పక తప్పదన్నాడు మామ. నేనూ వెంట పోయాను. ఆమె పత్తి ఏరుతూ నిలబడి అంతా విన్నది.

"అయితే బతికున్నట్టే గద బాపూ?"

"బతికే ఉన్నడు బిడ్డా."

తిరుగు దారిలో మామ బండి ఆపి, రోడ్డు పక్కన కూర్చున్నాడు. "ఆ నంబరు నేనెందుకు నేర్పిన్నే? కాగితం మీద రాసిస్తే ఎక్కడ్నో పోగొట్టుకుంటుండె. మాట్లాడ దారి లేక ఇంటికన్న వస్తుండె. ఇప్పుడేమనుకున్నడో. పెండ్లాం నంబరు ఇంకోనికిచ్చింది అనుకున్నడో ఏమో" అన్నాడు. నీ తప్పేముంది మామా అన్నాను. తర్వాత బీహార్ మనిషి కూడా ఫోన్ ఎత్తడం మానేశాడు.

ఆ తర్వాత మామ తండాలకు పోలేదు. తిండి తగ్గింది, మాట తగ్గింది. ఆసుపత్రిలో డాక్టర్లు గుండె అన్నారు. మేం కాదనలేదు. ఆమె భర్త మాత్రం ఈనాటికీ రాలేదు.

మామ దినాల రోజున ఆమె భూపాలపల్లి నుంచి ఒక్కతే వచ్చింది. ఆడవాళ్ల పంక్తిలో చివరన కూర్చుంది. పందిట్లో ఎవరి ఫోన్ మోగినా, అన్నం కలుపుతున్న చెయ్యి ఆపి, అటు తిరిగి చూసేది.