చెన్నమ్మ నునుపు చేసిన గోడ

ఒక మాటను నలభై ఏళ్ళకు పైగా లోపల దాచుకున్నాను. బరువు మోశాననే అనాలి. కానీ నిజం చెప్పాలంటే అది రోజూ బరువుగా ఉండేది కాదు. నెలల తరబడి గుర్తే వచ్చేది కాదు. కడుపు నిండా తిన్నాను, హాయిగా నిద్రపోయాను, నవ్వాను. ఎవరింట్లోనైనా కొత్తగా సిమెంటు పూసిన గోడ కనబడితే మాత్రం నా చెయ్యి దానంతటదే వెళ్ళి తడిమేది. నునుపుగా తగిలితే వెంటనే చెయ్యి వెనక్కి తీసుకునేదాన్ని. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నానేమో.

మాది తెనాలి పక్కన పల్లె. మా ఆయనకు సెక్రటేరియట్‌లో గుమాస్తా ఉద్యోగం. అశోక్ నగర్‌లో ఒక డాక్టరమ్మగారింట్లో వెనక వాటాలో కిరాయికి ఉండేవాళ్ళం. ఆవిడది వరంగల్ వైపు. పెళ్ళి చేసుకోలేదు. ఆస్పత్రి ఉద్యోగం వదిలేసి, ఇంటి ముందు గదిలోనే ఆడవాళ్ళకు వైద్యం చేసేది. మా అమ్మాయి వాణిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని నాడి చూడడం నేర్పేది. అంత మంచి మనిషి. ఇది ముందే చెప్పాలి. ఎందుకంటే నేను చేసింది చెడ్డవాళ్ళకు కాదు.

ఆ ఇంటి పెరడు ఆవిడదే అయినా, ఆరేళ్ళుగా అందులో తిరిగింది నేను. గోంగూర మడి, బీరపాదు, గోడ పొడుగునా కనకాంబరాలు. గోంగూర విత్తనాలు మా అమ్మ గుడ్డలో మూటకట్టి పంపించినవి. ఆ ఏడు ఊళ్ళో మా ఆంధ్రావాళ్ళు వెళ్ళిపోవాలని గొడవలు. నెలల తరబడి బడులు లేవు, దుకాణాలు ఎప్పుడు తెరుస్తారో తెలియదు. మా ఆయన పొద్దున వెళితే సాయంత్రం క్షేమంగా వచ్చేదాకా మనసు మనసులో ఉండేది కాదు. వీధిలో నోరు విప్పితే నా యాస నన్ను పట్టిస్తుందని కూరగాయల దగ్గర కూడా వేలితో చూపించి కొనుక్కునేదాన్ని. పెరట్లోకి వచ్చి మట్టిలో చెయ్యి పెడితే తప్ప నాకు ఊరట ఉండేది కాదు.

గొడవలు సద్దుమణిగాక డాక్టరమ్మగారు ఒకరోజు నన్ను పిలిచి, పెరట్లో ఈతకొలను కట్టిస్తున్నానని చెప్పింది. కొలను అనలేదు, హౌజు అంది. పక్కనే చిన్న వేడినీళ్ళ తొట్టి. రాగి హమామ్‌లో కట్టెలతో కాచిన నీళ్ళు గొట్టంలోంచి తొట్టిలో పడతాయి. మోకాళ్ళ నొప్పులతో వచ్చే ఆడవాళ్ళను అందులో నడిపిస్తుందట.

“మొగపిల్లలు బావుల్ల దుంకి ఈత నేర్చుకుంటరు. ఆడపిల్లలు ఎక్కడ నేర్చుకోవాలె?” అంది. తర్వాత కొంచెం మెల్లగా, “ఏం అనుకోకు తల్లీ, నీ గోంగూర మడి పోతది. ముందట జర జాగ ఉన్నది, అక్కడ వేసుకో.”

అయ్యో, దానికేమండీ అన్నాను. నవ్వుతూనే అన్నాను.

పనికి వచ్చినవాళ్ళు పాలమూరు జిల్లా వాళ్ళు. మేస్త్రీ కిష్టయ్య, ఆయన భార్య చెన్నమ్మ, ఇంకో నలుగురు. తవ్వడానికే రెండు నెలలు పట్టింది. ఆరడుగులు దిగేసరికి రాయి తగిలింది. రాళ్ళు పైకి తెచ్చి నా బీరపాదు ఉన్నచోటే పోశారు. గోడలు లేచాయి, అడుగు వేశారు, తర్వాత గిలాబు, అంటే గోడలకు పూత. లోపలి గోడలకు సిమెంటు గిలాబు చేసింది కిష్టయ్యే. కానీ ఆఖరి పూత చెన్నమ్మది. మామూలుగా ఆడవాళ్ళకు తట్టలు మొయ్యడమే పని. ఈమెకు మాత్రం కిష్టయ్య ఆ పని అప్పగించేవాడు. తడి ఆరకముందే పల్చటి సిమెంటు పూసి, అరచేతిలో ఇమిడే ఒక నల్లరాయితో రుద్దేది. ఆ రాయి వాళ్ళ ఊరి దగ్గర కృష్ణలో ఏరుకున్నదట. గుండ్రంగా, ఒకే వాటంగా, గంటల తరబడి రుద్దేది. చీమ పాకినా జారాలె అనేది. పని అయ్యాక నన్ను పిలిచి, నా చెయ్యి పట్టుకుని గోడ మీద పెట్టి చూపించింది. నిజంగానే పసిపిల్ల బుగ్గలా ఉంది. ఆమె మొహంలో ఆ రోజు ఉన్న సంతోషం నేను చూశాను. చూడలేదని ఇప్పుడు అనలేను.

తర్వాత బావిలోంచి మోటారు పెట్టి మూడు రోజులు నీళ్ళు నింపారు. వారం రోజులు అలాగే ఉంచి చూడాలి. నీటిమట్టం దగ్గర కిష్టయ్య బొగ్గుతో గీత గీశాడు. కొలను అడుగునుంచి నీళ్ళు వదిలే గొట్టం ఒకటి గోడ కిందుగా వెనక మురుగు నాలాలోకి వెళ్ళేది. దాని వాల్వు మా వంటింటి వెనక చిన్న గుంటలో, రేకు మూత కింద ఉండేది. ఇనుప చక్రం. గుప్పిట్లో పట్టేంత.

ఆ వారంలో మొదటి రోజు పొద్దున ముందు జాగాలో నేను కొత్తగా వేసిన గోంగూర మడిని ఎవరిదో మేక మొదలంటా మేసిపోయింది. నవ్వకండి. లేదా నవ్వండి, నాకూ ఇప్పుడు నవ్వే వస్తుంది. మా అమ్మ పంపిన విత్తనాల్లో అవే ఆఖరువి. మధ్యాహ్నం డాక్టరమ్మగారు పడుకుంది. వాణి బడికి వెళ్ళింది. పెరట్లో ఎవరూ లేరు. నేను రేకు తీసి, చక్రం అర తిప్పు తిప్పాను.

గొట్టంలో నీళ్ళు వెళ్ళే చప్పుడు వినిపించింది. ఆ చప్పుడు నాకు నచ్చింది.

ఒక గంటకు కట్టేశాను. మర్నాడు కిష్టయ్య వచ్చి చూస్తే నీళ్ళు గీతకు నాలుగు వేళ్ళు కిందున్నాయి. వాల్వు చూశాడు, గట్టిగా బిగించి ఉంది. మళ్ళీ గీత గీశాడు. మళ్ళీ మధ్యాహ్నం నేను తిప్పాను. ఆరు రోజులు అలా చేశాను. ఒక్కరోజైతే కోపం అనుకోవచ్చు. ఆరు రోజులను ఏమనాలి? వాణి నీళ్ళలో పడుతుందేమోనన్న భయంతో చేశానని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. తల్లిభయం అంటే వినడానికి బాగుంటుంది. కానీ ఆ గుంట దగ్గర కూర్చున్నప్పుడు వాణి నా తలపులోనే లేదు. ఆ పెరడు నాది అనుకున్నాను. కాదని ఒక మంచి మనిషి నవ్వుతూ గుర్తు చేసింది. అంతే. అంతకన్నా గొప్ప కారణం వెతికినా దొరకలేదు.

ఏడో రోజు డాక్టరమ్మగారి తమ్ముడు వచ్చాడు. ఆయన ఇంజనీరు. చుట్టూ తిరిగి చూసి, గిలాబులోనే తప్పుంది, నీరు లోపలికి పీలుస్తోంది, మొత్తం కొట్టేసి మళ్ళీ చెయ్యాలన్నాడు. గిలాబు గట్టిదేనని కిష్టయ్య వాదించాడు. అయితే నీళ్ళెక్కడికి పోతున్నాయో చెప్పమన్నాడు ఆయన. కిష్టయ్య దగ్గర జవాబు లేదు. జవాబు వంటింటి గుమ్మంలో చాటలో బియ్యం ఏరుకుంటూ కూర్చుంది.

ఎందుకు చెప్పలేదు? ఇల్లు ఖాళీ చెయ్యమంటారని భయం. ఆ ఏడు మాలాంటివాళ్ళకు ఇల్లిచ్చేవాళ్ళు దొరకడం కష్టమే. మా ఆయన తల ఎత్తుకోలేడని భయం. ఇవన్నీ నిజాలే. అయినా ఆ క్షణంలో నేనివేవీ ఆలోచించలేదు. బియ్యంలో రాయి ఒకటి కనబడితే తీసి పారేశాను. అదొక్కటే గుర్తుంది.

కొలను ఖాళీ చేసి, సుత్తీ ఉలీ పట్టుకుని కిష్టయ్యే ఆ గిలాబు కొట్టేశాడు. పెచ్చులు తట్టకెత్తుకుని పైకి మోసింది చెన్నమ్మ. తను రుద్దిన గోడను తనే తట్టల్లో మోసుకొచ్చి బయట పోసింది. నాలుగు రోజులు. నేను మజ్జిగ కలిపి ఇచ్చాను. తాగి, గిన్నె కడిగి మెట్టు మీద బోర్లించింది. 

రెండోసారి గిలాబుకు కాచిగూడ నుంచి వేరే మేస్త్రీని పిలిపించారు. మళ్ళీ నీళ్ళు నింపారు. ఈసారి నేను వాల్వు జోలికి పోలేదు. ఆ సుత్తి దెబ్బలు విన్నాక చెయ్యి రాలేదు. ఎన్నో ఏళ్ళ తర్వాత, ఒకనాడు కూర ముక్కలు తరుగుతుంటే, దాని అర్థం నాకు తట్టింది. నేను మళ్ళీ తిప్పి ఉంటే నీళ్ళు మళ్ళీ తగ్గేవి. అప్పుడైనా ఎవరో ఒకరు గిలాబు కాక ఇంకేదో కారణం ఉందని వెతికేవాళ్ళు. నేను బుద్ధి తెచ్చుకుని మానుకోబట్టే చెన్నమ్మ పని చెడ్డదని తేలిపోయింది. 

ఇక కొలను సంగతి. అది తెచ్చిన సంతోషం అంతా ఇంతా కాదు. సాయంత్రం నాలుగింటికి వీధిలో ఆడపిల్లలందరూ పాత లంగాలు చుట్టుకుని వచ్చేవాళ్ళు. దోమలగూడ నుంచి కూడా వచ్చేవాళ్ళు. డాక్టరమ్మగారు గట్టు మీద కుర్చీ వేసుకుని, విజిల్ ఊదుతూ, ఉర్దూలో తిడుతూ నేర్పేది. వాణి పది రోజుల్లో చేపలా తయారైంది. వేడినీళ్ళ తొట్టిలో ముసలమ్మలు నడుము లోతున కూర్చుని కోడళ్ళ కబుర్లు చెప్పుకునేవాళ్ళు. హమామ్ కింద కట్టెలు ఎగదోసే పని నేనే అడిగి తీసుకున్నాను. ఒక మధ్యాహ్నం డాక్టరమ్మగారు నన్ను కూడా నీళ్ళలోకి దింపింది. పాత చీర గోచీ కట్టి, ముక్కు మూసుకుని దిగాను. వెల్లకిలా తేలడం నేర్చుకున్నాను. చెవుల్లో నీళ్ళు, పైన ఆకాశం, ఇంకే చప్పుడూ లేదు. ముప్ఫై నాలుగేళ్ళ వయసులో అంత సుఖం ఉంటుందని నాకప్పటిదాకా తెలియదు.

ఒప్పుకోవలసినదాంట్లో ఇదీ ఒక భాగమే. నేను చేసిన తప్పు నా సంతోషాన్ని చెడగొట్టలేదు. ఆ గోడకు చేరబడి ఊపిరి తీసుకుంటూ నవ్వాను. ఇప్పటికీ ఆ రోజులు తలుచుకుంటే మనసు చల్లగానే ఉంటుంది. ఇలా ఉండొచ్చా? ఉంది మరి.

రెండేళ్ళకు చిక్కడపల్లిలో మేము చిన్న ఇల్లు కట్టుకున్నాం. పనికి వచ్చిన కూలీల్లో తట్ట మోస్తూ చెన్నమ్మ కనబడింది. నన్ను చూసి నవ్వింది, వాణిని అడిగింది. కిష్టయ్య నారాయణగూడలో వేరే పనిమీద ఉన్నాడట. స్నానాలగది గచ్చు ఆ రోజే పోశారు. నేను ఆమెను పక్కకు పిలిచాను.

“చెన్నమ్మా, ఆ గచ్చు నువ్వే నునుపు చెయ్యి. మేస్త్రీతో నేను చెబుతాలే.”

“ఒద్దమ్మ.”

“ఏం? ఎంత బాగా చేసేదానివి!”

“నా చేతిపని నిలువదమ్మ. ఆ హౌజు జూసినవు గద. నీళ్ళన్ని పాయె. గప్పటిసంది ముట్టుతలేను.” అరచేతులు చీరకు తుడుచుకుంది. “రాయి సుత ఇడిసిపెట్టిన. యాడనో పోయింది.”

“కిష్టయ్య ఏమన్నాడు?”

“ఆయనేమంటడు? నీ తప్పు గాదే అంటడు. మరి నాది గాకుంటె ఎవ్వలదమ్మ?”

అడిగింది. సూటిగా, నా కళ్ళలోకి చూస్తూ అడిగింది. నిష్ఠూరం లేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగింది. మా ఇద్దరి మధ్యా తడి గచ్చు వాసన. మూడు మాటలు అంటే సరిపోయేది. ఆ మూడు మాటలూ నాలుక మీదికి వచ్చాయి. సిమెంటులోనే ఏదైనా లోపం ఉందేమో అన్నాను.  ఆమె తల అడ్డంగా ఊపి, తట్ట ఎత్తుకుని వెళ్ళిపోయింది.

ఆ గచ్చు ఇంకెవరో చేశారు. గరుకుగా వచ్చింది. 

ఆ తర్వాత నారాయణగూడ చౌరస్తా దగ్గర, బాగ్ లింగంపల్లిలో, కట్టే ఇళ్ళ ముందు రెండు మూడుసార్లు ఆమెను చూశాను. ప్రతిసారీ తట్ట మోస్తూనే ఉంది. ప్రతిసారీ ఆగి పలకరించాను. కొన్నేళ్ళకు కనబడడం మానేసింది. ఊరికి వెళ్ళిపోయారని ఎవరో అన్నారు. ఏ ఊరో అడిగాను. పాలమూరు దిక్కు అన్నారు. అంతకన్నా నేను వెతకలేదు. వెతికాననిపించుకోవడానికి ఒకరిద్దరిని అడిగి ఊరుకున్నాను. డాక్టరమ్మగారు పోయింది. ఆ ఇల్లూ పోయింది, కొలను పూడ్చేసి అపార్టుమెంటు కట్టారు. వాణికి ఈ సంగతి తెలియదు. తన పిల్లలకు ఈత తనే నేర్పుకుంది.

మీరు నన్ను క్షమించాలని రాయలేదు. అది మీ చేతిలో లేదు. ఎవరి చేతిలో ఉందో ఆ ఒక్క మనిషి ఎక్కడుందో, బతికుందో లేదో నాకు తెలియదు. ఆమె నన్ను ఒక ప్రశ్న అడిగింది. దానికి జవాబు ఇప్పుడు ఇస్తున్నాను, ఆలస్యంగా, వినవలసిన చెవి లేనిచోట.

చెన్నమ్మా, ఆ గోడ కారలేదు. చుక్క కూడా కారలేదు. నీళ్ళు వదిలింది నేను.

రాసేశాను.  కిటికీలోంచి ఎండ కాగితం మీద పడుతోంది. ఈ పూట ఆకలి బాగా వేస్తోంది.