మిర్చి బండిలో సరస్సు యాత్ర

మా మిత్రుడు మస్తాన్, గుంటూరు యార్డుకు మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, తోలిన తన పాత మినీ లారీని క్యాంపింగ్ బండిగా మార్చాడు. మంచాలు, గ్యాస్ పొయ్యి, కర్టెన్లు కూడా పెట్టించాడు. వచ్చే నెల రెండు కుటుంబాలం అందులో హిమాచల్ అడవుల్లోని ఓ సరస్సుకు వెళ్లాలని ప్లాను. ఈ రోజు మా ఆవిడకు బండి చూపించాం. లోపల అడుగుపెట్టగానే వరుసగా ఏడుసార్లు తుమ్మింది.

"ఇందులో పడుకోవాలా అన్నయ్యా?" అంది కళ్లు తుడుచుకుంటూ.

"నాలుగుసార్లు కడిగించానమ్మా! అయినా మంచిదేలే, ఈ ఘాటుకి ఎలుగుబంటి కూడా దగ్గరికి రాదు," అన్నాడు మస్తాన్.

ఆమె పకపకా నవ్వి, మళ్లీ తుమ్మి, కిటికీ పక్క మంచం ఇస్తేనే వస్తానంది. ప్రయాణం ఖాయమైంది.

ఘాటు పోయే చిట్కా తెలిస్తే చెప్పండి. మల్లెపూల సెంటు కొట్టి చూశాం. ఇప్పుడు బండంతా పెళ్లిపందిట్లో మిరపకాయ బజ్జీలు వేస్తున్నట్టుంది.