రాహుకాలమూ శారీ గార్డూ

ఏసుపాదం ఇనుపకమ్మీని వైస్‌లో బిగించి, దాని కొసకు గొట్టం తొడిగి మెల్లగా వంచుతున్నాడు. పక్కన స్టూలు మీద, గ్రీజు అంటకుండా కాగితం చుట్టిన పుస్తకం ఉంది. దాన్ని రాసిన సుబ్బరత్నం ఎదురుగా కుర్చీలో కూర్చుంది. ఆవిడ భర్త ఉమామహేశ్ తన బైకు దగ్గర నిలబడ్డాడు.

భవానీపురంలో ఏసుపాదం షెడ్డుకి బోర్డు లేదు. అతనికి గురువూ లేడు. పాడైన బళ్లే పని నేర్పాయి. పుస్తకాన్నయినా బండిలాగే చదువుతాడు, ఏ భాగం ఎక్కడుందో చూసుకుంటూ.

పామర్రు రోడ్డులో భర్త వెనక కూర్చుని వెళ్తుంటే సుబ్బరత్నం కొంగు ఈ బైకు వెనకచక్రంలో చుట్టుకుని ఆవిడను కింద పడేసింది. తుంటి విరిగింది. కోలుకున్నాక ఆ కథంతా పుస్తకంగా రాసింది. చదివినవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. ఆదివారం కూచిపూడిలో సన్మానం; ధైర్యం గురించి మాట్లాడమన్నారు. పడిన రోజు నుంచి ఆవిడ మళ్లీ బైకెక్కలేదు. ఎక్కకుండా ఆ మాటలు చెప్పడానికి నోరు రావడం లేదు. అందుకే తను ఎందుకు పడిందో చూడమని నిన్న బండినీ, పుస్తకాన్నీ ఏసుపాదానికి అప్పగించి వెళ్లింది.

“ఎలా ఉందండీ పుస్తకం?” అంది.

“బాగుందమ్మగారూ. కారణాల్లో రాహుకాలం ఉంది, రోడ్డు మీద గుంత ఉంది, దిష్టి ఉంది. శారీ గార్డు ఒక్కటే కనపళ్లా.”

“అదేంటి?”

“కొంగు చక్రంలోకి పోకుండా పక్కన బిగించే కమ్మీల చట్రం. దాని బోల్టు బెజ్జాలు ఖాళీగా ఉన్నయ్.”

సుబ్బరత్నం భర్తవైపు చూసింది.

“ముసలాళ్ల బండిలా ఉందని విప్పేశా,” అన్నాడు ఉమామహేశ్. “కొండ గుడి దగ్గర బండికి పూజ చేయించిన రోజే.”

“దిష్టి నిమ్మకాయలు మాత్రం వదల్లేదుగా,” అన్నాడు ఏసుపాదం, కమ్మీ వంపు చూసుకుంటూ.

“మన బాల్కనీలో మల్లెతీగ పాకించింది ఆ గార్డు మీదేనా?” అంది సుబ్బరత్నం.

“ఊరికే పడుందని...”

“రోజూ నీళ్లు పోశాను కదండీ దానికి.”

“పోనీ అదే తెచ్చి బిగించేస్తే?” అన్నాడు ఉమామహేశ్.

“తుప్పు పట్టుంటదండీ. పూసే తీగను పీకటం ఎందుకు?”

ఏసుపాదం కమ్మీలు అతికించాడు, అతుకులు ఆకురాయితో నున్నగా రుద్దాడు, రంగు వేశాడు. రంగు ఆరాక బిగించి, బండిని స్టాండు మీద నిలిపి చక్రం తిప్పాడు. సుబ్బరత్నం కొంగు చివర పట్టుకుని దగ్గరకు పెట్టింది. గుడ్డ కమ్మీలకు తగిలి ఇవతలే ఆగింది.

“ఇంకోసారి తిప్పండి.”

తిప్పాడు. ఆగింది. ఉమామహేశ్ బండిని స్టాండు దించి ఎక్కాడు. ఆవిడ కొంగు నడుముకు దోపుకుని, అతని భుజం పట్టుకుని వెనక సీటెక్కింది.

“ఆదివారం దాకా ఎందుకు? ఇంటిదాకా పోనివ్వండి. మెల్లగా,” అంది.

“రెండో ముద్రణలో ఈ గార్డు సంగతి కూడా రాస్తావా, రత్నం?”

“రాస్తాను. ఎవరు విప్పారో కూడా రాస్తాను.”

ఉమామహేశ్ హెల్మెట్ పెట్టుకున్నాడు. ఏసుపాదం బోల్టులు చివరిసారి బిగించి, “బండి అప్పగించింది మీరుగా అమ్మగారూ,” అని తాళంచెవి సుబ్బరత్నం చేతికిచ్చాడు.