పులుపు మాని పోగొట్టుకున్న పాట

నరసాపురం పక్క పల్లెలో దీనమ్మ లేసు అల్లకం అంతంతమాత్రమే. పాటకు మాత్రం ఆమెదే పేరు. ఆదివారం చర్చిలో ఆమె ఎత్తుకున్నాకే మిగతావాళ్లు అందుకునేవారు.

పోయినేడు వానల్లో పళ్లు తోముకుంటుంటే రక్తం కనబడింది. చిగుళ్లు ఉబ్బాయి. తోటికోడలు పాపాయికి చూపించింది.

"పులుపు ముట్టుకోకే. చీము పడుతుంది," అంది పాపాయి.

పుండైనా కాన్పైనా ఆ ఇళ్లలో ముందు పథ్యమే. దీనమ్మ చింతపండు, నిమ్మకాయ, టమాటా, గోంగూర అన్నీ మానేసింది. వేడి చేస్తుందని జామకాయా వద్దంది. పాలన్నం, లేదంటే పాలల్లో రొట్టె.

"ఈ వయసులో బాలింతవయ్యావేంటే," అని లేసు దగ్గర ఆడవాళ్లు ఆటపట్టించారు. దీనమ్మ నోరు తెరవకుండా నవ్వింది.

రక్తం ఎక్కువైనకొద్దీ, ఎక్కడో పులుపు తగిలే ఉంటుందనుకుని కూరలన్నీ వదిలేసింది. వేసవికి ముందుపళ్లు నాలుకతో తోస్తే కదిలేవి. కాళ్ల మీద మచ్చలు కూడా లేచేసరికి కూతురు రూబీ భీమవరంలో పళ్ల డాక్టరుకు చూపించింది.

"ఏం తింటున్నారండి?" అని అడిగింది డాక్టరమ్మ.

"పాలన్నమండి. ఒక్కరోజు కూడా పథ్యం తప్పలేదండి."

డాక్టరమ్మ రక్తపరీక్ష చేయించింది. "పులుపు చీము పట్టించదమ్మా. మీ ఒంట్లో విటమిన్ సి అడుగంటింది. అది లేకపోతే చిగుళ్లు పళ్లను పట్టి ఉంచలేవు. నిమ్మ, జామ, ఆకుకూరలు... మీరు మానేసినవాటిలోనే ఉంది అది."

"ఇప్పుడు తింటే గట్టిపడతాయాండి?"

"చిగుళ్లు మానతాయి. ఈ రెండు పళ్లు మాత్రం నిలవవండి."

ఇంటికొచ్చాక రూబీ పెద్దమ్మ మీద కేకలేసింది.

"మా అమ్మ చెప్పిందే నేనూ చెప్పాను," అంది పాపాయి తల దించుకుని.

"అక్కనెందుకే అంటావు. రక్తం చూసిన రోజే ఆసుపత్రికి వెళ్లాల్సింది నేను," అంది దీనమ్మ.

మందులు వాడి, తిండి మార్చాక రక్తం ఆగింది. కొన్నాళ్లకు ఆ రెండు పళ్లూ తీయించి కట్టుడుపళ్లు పెట్టించారు. వాటితో తినడం అలవాటైంది కానీ, 'స్తోత్రం' అనబోతే మొదటి అక్షరం గాలిగా జారిపోయేది. వంటింట్లో ఎన్నిసార్లు అని చూసుకున్నా అంతే. ఆమె పాటలు చాలావరకు ఆ మాటతోనే మొదలవుతాయి.

తర్వాత ఓ ఆదివారం పాట సమయానికి చర్చిలో అందరూ దీనమ్మ వైపు చూశారు.

"ఎత్తుకోవే," అంది పక్కనున్న పాపాయి మెల్లగా.

దీనమ్మ తల అడ్డంగా ఊపింది. కాసేపటికి ముందు వరసలో ఎవరో దీనమ్మ ఎత్తుకునేదానికంటే బాగా తగ్గు శ్రుతిలో మొదలుపెట్టారు. అందరూ ఆ శ్రుతినే అందుకున్నారు.