మడతబందులు లేని కిటికీ

ఒక కాలపు మనుషులు దేనికి భయపడ్డారో తెలియాలంటే వాళ్ళు కట్టుకున్న కిటికీలు చూడాలి. దొరల గడీలకు సన్నని గవాక్షాలు, పల్లె ఇళ్ళకు జానెడు చెక్క రెక్కలు. ఎనభైల్లో దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీ నగర్ దాకా పొలాలు ప్లాట్లయి, ప్లాట్లు ఇళ్ళయినప్పుడు కిటికీ కిటికీకీ ఇనుప గ్రిల్లు వచ్చింది. ఉదయించే సూర్యుడు, తామరపువ్వు, నెమలి. దొంగలకంటే ముందు గ్రిల్లులే కాపురానికొచ్చాయని అప్పట్లో నవ్వుకునేవారు. కొత్తపేటలో ఆ సూర్యుళ్ళు, ఆ నెమళ్ళు సగానికి సగం మట్టయ్య చేతివే.

మట్టయ్య తుర్కయంజాల్ కమ్మరి. ఇనుప పట్టాను ఎర్రగా కాల్చి, బండిచక్రానికి ఎక్కించి, నీళ్ళు చల్లి బిగించడం తండ్రి నేర్పిన విద్య. అలా బిగిసిన పట్టా కర్ర పుచ్చిపోయినా ఊడదు. ఎడ్లబండ్లు తగ్గి లారీలు పెరిగాక, యాభై దాటిన వయసులో వెల్డింగు నేర్చుకుని కొత్తపేటలో రేకుల షెడ్డు వేసుకున్నాడు. మట్టయ్య అతికితే ఇక ఊడదని కాలనీ అంతా చెప్పుకునేది. అది విన్నప్పుడల్లా ఆయన మీసం కింద నవ్వు దాచుకునేవాడు.

ఆ కొత్తపేటలోనే బాపిరాజుగారు ఒక మేడ అద్దెకు తీసుకుని ఆడపిల్లలకు హాస్టలుతో బడి పెట్టారు. భీమవరం వైపు మనిషి. పిల్లల పంక్తిలోనే కూర్చుని అదే పప్పు, అదే చారు తినేవారు. చెడ్డవాడని ఒక్కమాటలో తేల్చేయడానికి వీల్లేదు. ఒక వానాకాలం ఇద్దరు పిల్లలు మేడమీది గది కిటికీలోంచి సజ్జ మీదికి దిగి, ఎల్బీ నగర్ చౌరస్తా దాకా నడిచి, విజయవాడ బస్సెక్కేశారు. అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర దొరికారు. ఒక తండ్రి వచ్చి బాపిరాజుగారి చొక్కా పట్టుకున్నాడు. మర్నాడే మట్టయ్యకు కబురు.

"పిల్లి కూడా దూరకూడదయ్యా," అన్నారు బాపిరాజుగారు.

దూరకుండానే చేశాడు. మామూలు గ్రిల్లుకైతే మరలుంటాయి, విప్పుకోవచ్చు. దీన్ని చువ్వ చువ్వకూ గోడలోని ఇనుప చట్రానికి అతికేశాడు. పట్టుకుని వేలాడి మరీ చూపించాడు. వంటమనిషి ఐలమ్మ కింద నుంచి తలెత్తి, "ఏందన్నా, పిల్లలను కోళ్ళ లెక్క గంప కింద కమ్ముతున్నవా?" అంది.

"నీ చారు తాగలేకనే ఉరుకుతున్రట. నా పని నన్ను చెయ్యనియ్యి," అన్నాడు మట్టయ్య.

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ పిల్లలు ఎందుకు పోయారో మాత్రం ఎవరూ అడగలేదు.

మాఘం వెళ్ళి ఎండ ముదురుతున్న రోజులు. ఆదివారం మధ్యాహ్నం మూడింటికి ఆ బడిలో కార్డులు రాసే వేళ. పిల్లలంతా మేడమీది గదిలో బోర్లా పడుకుని ఇంటికి పోస్టుకార్డులు రాస్తారు. బాపిరాజుగారు అన్నీ చదివి పోస్టుడబ్బాలో వేయిస్తారు. మట్టయ్య ఆ రోజు ఎదురింటికి గేటు బిగిస్తున్నాడు. బడి మెట్లకింద కిరసనాయిలు స్టవ్వు భగ్గుమంది, పక్కనున్న గోనెసంచులు అంటుకున్నాయి. మేడ మొత్తానికీ ఉన్నవి ఆ మెట్లే. పొగ వాటినే పట్టుకుని పైకెక్కింది.

మట్టయ్య గడ్డపార అందుకుని ప్రహరీ మీంచి సజ్జ ఎక్కాడు. కమ్మరివాడికి నిప్పు తెలుసు, నిప్పుకంటే ముందు పొగ చంపుతుందనీ తెలుసు. గ్రిల్లు సందులో గడ్డపార దూర్చి ఒళ్ళంతా దానిమీద వేశాడు. చువ్వ వంగింది, అతుకు వదల్లేదు. ఇంకో చువ్వ. అదీ అంతే. పదేళ్ళ సూర్యప్రభ, చేతిలో సగం రాసిన కార్డుతోనే చువ్వలు పట్టుకుని, దగ్గుల మధ్య అడిగింది:

"తాతగారూ, ఇది ఎటు తియ్యాలండీ?"

ఎటూ తీయరాదని ఆయనకు తెలుసు. చేసినవాడు ఆయనే మరి. మళ్ళీ గడ్డపార దూర్చాడు.

కింద ఐలమ్మ అంట్లు తోమే తొట్టిలో గోనెలు ముంచి మంటమీద కప్పింది. కొంగు తడిపి మూతికి చుట్టుకుని పైకెక్కి, ఒకరి జడ ఒకరికి పట్టించి పిల్లలందరినీ దించింది. అందరూ బతికారు. సూర్యప్రభను మూడు రోజులు దవాఖానలో ఉంచాల్సి వచ్చింది.

మర్నాడు మట్టయ్య రంపం పట్టుకుని బాపిరాజుగారి ముందు నిలబడ్డాడు.

"సారూ, దాన్ని కోస్త. మడతబందులు పెడత. పిల్లలు లోపలినుంచి తీసేటట్టు."

"స్టవ్వు పెరట్లోకి మార్పించేశానయ్యా. ఇంకెందుకు? మళ్ళీ ఇద్దరు దిగిపోతే నేనేం చెప్పుకోవాలి?"

"మొదలు పోయినోళ్ళు ఎందుకు పోయిన్రో అడిగిన్రా?"

"ఇంటిమీద బెంగ. కొత్తలో అందరికీ ఉండేదే."

"ఇప్పుడు గా బెంగ యాడికి పోయింది సారూ? లోపలనే ఉన్నది. మనం దానికి గ్రిల్లు పెట్టినం, గంతే."

బాపిరాజుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఒప్పుకోలేదు.

అప్పటినుంచి కొత్త గ్రిల్లు అడిగిన ప్రతివాళ్ళతోనూ మట్టయ్యకు జగడమే. ఒక పక్కనైనా తలుపులా తెరుచుకోవాలంటాడు. "దొంగకు దారి నువ్వే చూపిస్తావటయ్యా?" అని వాళ్ళు ఇంకో షెడ్డుకు పోయేవారు.

నెలాఖరు ఆదివారం తల్లిదండ్రులు వచ్చే రోజు. మట్టయ్య నిచ్చెన భుజాన వేసుకుని బడి గేటు దగ్గరికి వచ్చాడు. సూర్యప్రభ తండ్రి విశ్వేశ్వరరావు తణుకులో లెక్చరరు. మట్టయ్య కిటికీ కోయడానికొచ్చాడని విని, "ఆ గ్రిల్లు ఉందనే కదండీ మా అమ్మాయిని ఇక్కడ చేర్చింది!" అన్నాడు.

"పొగ ముచ్చట మీకు చెప్పిన్రా అయ్యా?"

"ఏం పొగ?"

ఆయనకు అందింది జలుబు చేసిందన్న కబురు ఒక్కటే. ఆ వారం కూతురి కార్డు రానే లేదు. సూర్యప్రభ బొటనవేలితో మట్టిలో గీతలు గీస్తూ, బొంగురు గొంతుతో అంది:

"జలుబు కాదు నాన్నా. ఈ తాతగారు చాలాసేపు లాగారు. అది రాలేదు."

విశ్వేశ్వరరావు బాపిరాజుగారి వైపు చూశాడు. ఈసారి ఎవరూ చొక్కా పట్టుకోలేదు. అదే బాపిరాజుగారు తట్టుకోలేకపోయినట్టుంది. "కొయ్యవయ్యా," అన్నారు చివరికి.

లెక్చరరే నిచ్చెన పట్టుకున్నాడు. తన అతుకులు తాను కోసుకోవడానికి మట్టయ్యకు రంపం బ్లేడ్లు నాలుగు విరిగాయి. పొద్దువాలే వేళకు మడతబందులు వేసి, అందరిలోకీ పొట్టి పిల్లను నిలబెట్టి, ఆ చెయ్యి అందేచోట గడియ పెట్టాడు. తాళం తగిలించే చోటు మాత్రం ఉంచలేదు. సూర్యప్రభ గడియ తీసింది, వేసింది, మళ్ళీ తీసింది. ఆ సాయంత్రమే తండ్రి వెంట విజయవాడ బస్సెక్కింది.

మట్టయ్యకు దాంతో తీరలేదు. సైకిలు మీద దిల్‌సుఖ్‌నగర్ గల్లీలన్నీ తల పైకెత్తి తిరిగేవాడు, పని వెతుక్కుంటున్నాడని అందరూ అనుకునేలా. ఒక ఇంటి ముందు తన నెమలిని గుర్తుపట్టి ఆగాడు.

"అమ్మా, గీ కిటికీ నేను చేసిందే. జర కోసి, బందులు పెట్టి పోత. పైసలేం వద్దు."

"దానికేం ఖరాబైంది?" అంది ఆ ఇల్లాలు. "నువ్వు పెట్టినకాడి నుంచి ఇంత కూడ కదల్లే. మంచిగ చేసినవ్ తాతా."

లోపల ఎవరో చిన్నపిల్ల పన్నెండో ఎక్కం వల్లిస్తోంది. మట్టయ్య సైకిలు గోడకు ఆనించి, ఆ ఇల్లాలిని ఇంకోసారి అడగడానికి గేటు గొళ్ళెం మీద చెయ్యి వేశాడు.