మేడం ఎక్కిన గుట్ట

మేడం పోయిన కబురు మాకు గుట్ట మీద అందింది. బిజినేపల్లి దాటాక రోడ్డు పక్కన ఉంటుంది ఆ గుట్ట. ఏటా చలికాలంలో ఒక శని, ఆదివారాలు మా హామ్ రేడియో క్లబ్బు వాళ్లం అక్కడ డేరా వేసుకుని, బ్యాటరీల మీద సెట్లు నడుపుతూ, అలాంటి సెట్లున్న వేరే ఊళ్లవాళ్లతో అందినంత దూరం మాట్లాడతాం. శనివారం పొద్దున యాంటెనా కోసం వెదురుగడ నిలబెడుతుంటే మేడం భర్త ఫోన్ చేశాడు. ఆయన్ని మేమంతా కాకా అంటాం.

"మీ మేడం పోయింది బిడ్డా. చాయ్ తీస్కపోయి లేపితె లేవలే," అన్నాడు. మళ్లీ తనే, "మీరు తిన్నరా?" అని అడిగాడు.

తిన్నాం కాకా అన్నాను. తినలేదు. ఫోన్ జేబులో పెట్టుకుని, సగంలో ఉన్న తాడు ముడి పూర్తిచేశాను. గడ నిలబడ్డాకే పక్కనున్న మిత్రుడికి చెప్పాను. అతను గద్వాలలో చీరలు నేస్తాడు, క్లబ్బులో నాకన్నా పాతవాడు. విని, పట్టుకున్న తాడు వదల్లేదు. "ఇగ ఏం జేద్దాం?" అన్నాడు. నాకు ఏడుపు రాలేదు.

నాగర్‌కర్నూల్ జూనియర్ కాలేజీలో ఆమె నాకు ఫిజిక్స్ చెప్పారు. క్లబ్బు పెట్టిందీ, మమ్మల్ని గుట్టెక్కించిందీ ఆమే. ఎండలో ఎందుకు మేడం అంటే, "ఇంట్ల కరెంటుంటది, పైన కప్పుంటది. గాడ ఎవరన్న మాట్లాడ్తరు. ఏం లేనికాడ మాట్లాడాలె," అనేవారు. కొంగు నడుముకు చెక్కి, గుడ్డబూట్లు వేసుకుని, మాకన్నా ముందే పైకి చేరేవారు.

మొదటిసారి మైకు నా చేతికిచ్చినప్పుడు నోట మాట రాలేదు. అవతల ఎవరో పిలుస్తూనే ఉన్నారు. మేడం మైకు వెనక్కి తీసుకోలేదు. "నీ పేరు చెప్పు, ఊరు చెప్పు. గంతే. పరీక్ష కాదు గద," అన్నారు. అని, డబ్బా మూత తీసి జొన్నరొట్టె మీద పల్లికారం వేసుకుంటూ కూర్చున్నారు, నేను మాట్లాడేదాకా నావైపు చూడకుండా. అరిచేవాళ్లంటే ఆమెకు పడేది కాదు. "ముందు ఇను. ఎవరన్న మాట్లాడుతున్నరేమో చూడు. తర్వాత నీ మాట," అనేవారు.

తర్వాత ఆమె గొంతులో గడ్డ లేచింది. హైదరాబాద్ దవాఖానలో ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. ఆ ఏడు గుట్టకు రారనుకున్నాం. కాకా చెయ్యి పట్టుకుని, ఆగి ఆగి ఎక్కి వచ్చారు. బల్ల ముందు కూర్చుని, మైకు పక్కకు జరిపి, సంచిలోంచి మోర్స్ మీట తీశారు. చుక్కలు, గీతలుగా అక్షరాలు పంపే మీట అది. నేర్చుకోండని ఆమె ఎన్నేళ్లు చెప్పినా మేం బద్ధకించాం. ఆ మధ్యాహ్నమంతా ఆమె దాంతోనే మాట్లాడారు. ఎవరో ఏదో చమత్కారం పంపినట్టున్నారు, భుజాలు కదిలేలా నవ్వారు. చప్పుడు రాలేదు.

ఇంట్లో కాకాను పిలవడానికి మంచం పక్కన చిన్న బజర్ పెట్టుకున్నారు. నేను ఒకసారి ఆమెను చూడ్డానికి వెళ్తే లోపల్నుంచి అది మోగింది. కాకా గ్లాసు అందుకుంటూ, "పొడుగ్గ ఒకటి, పొట్టిగ ఒకటి. గది నీళ్లకు. ఒక్కటే పొడుగ్గ మోగితె చాయ్. నాకు గీ రెండే వస్తయి," అన్నాడు.

ఆ శనివారం కిందికి దిగే ముందు, రేడియోలో మాకోసం ఎదురుచూసేవాళ్లకు చెప్పాలి కదా అని మిత్రుడు సెట్టు నావైపు తిప్పాడు. మా మేడం పొద్దున చనిపోయారు, ఈసారి మేం ఉండం, అన్నాను. నా గొంతు ఎవరిదోలా వినిపించింది. రాయచూరు వైపు నుంచి ఎప్పుడూ పలికే పెద్దాయన అందుకున్నాడు.

"పోయినసారి మీటతోనే మాట్లాడిన్రు. ఎందుకట్ల అని అడుగుదామనుకున్న," అన్నాడు.

"ఆపరేషనైంది. గొంతు పోయింది," అన్నాను.

"నాకు తెల్వలే," అన్నాడు.

గడ దించి, అందరం నాగర్‌కర్నూల్ వెళ్లాం. దహనం ముగించుకుని వచ్చాక కాకా వాకిట్లో కుర్చీలో కూర్చున్నాడు. "పైన ఆమె రేడియో తీగె ఉన్నది. కోతులు ఊగుతున్నయి. తీస్కపోండ్రి, మీకు పనికొస్తది," అన్నాడు. కటింగ్ ప్లయర్ తీసుకుని నేనొక్కదాన్నే డాబా ఎక్కాను.

నీళ్ల ట్యాంకు నుంచి పక్కింటి పిట్టగోడ దాకా ఉంది తీగ. పక్కింటివాళ్లు దాని మీద పసిపిల్ల బట్టలు ఆరేశారు. గౌన్లు, వేలెడేసి సాక్సులు.

"తీసినవా?" కింద నుంచి కాకా అడిగాడు.

"బట్టలున్నయి కాకా. ఇంక ఆరలే."

"ఆరనీ అయితె," అన్నాడు.

పిట్టగోడ మీద కూర్చున్నాను. గాలికి గౌన్లు కొంచెం ఎగిరి, మళ్లీ కిందికి వాలుతున్నాయి.