చాందిని కాలు నిలబెట్టిన సునంద మేడం

నిన్న పొద్దున గుర్రాలకు దాణా పెడుతుంటే ఫోన్ వచ్చింది. సునంద మేడం గుండెపోటుతో పోయారని.

"ఏ సునంద మేడం?" అని అడిగాను.

నాకు తెలిసిన సునంద మేడం ఒక్కరే. అయినా అడిగాను.

మేడం దేవరకొండలో పశువుల డాక్టర్. గుర్రాల వైద్యం ప్రత్యేకంగా చదువుకున్నారు. కానీ మా వైపు గుర్రాలెన్ని? ఎక్కువగా గొర్రెలు, బర్రెలే చూసేవారు.

నేను జడ్చర్లలో పెళ్లి బరాత్‌లకు గుర్రాలు కిరాయికిస్తాను. మూడేళ్ల కింద, డీజే ముందు ఆడుతూ మా తెల్ల గుర్రం చాందిని కాలు జారింది. తెల్లారేసరికి ముందు కాలు మోకాలి కింద వాచిపోయింది.

అందరిదీ ఒకటే మాట. "ఇగ దీంతోని ఏం పని? అమ్మెయ్‌రాదు."

కుంటి గుర్రాన్ని కొనేది కోతకేనని నాకు తెలుసు. మా ఆవిడ పద్మ అన్నం కూడా సరిగా తినలేదు.

గుర్రాల వైద్యం తెలిసిన డాక్టరని విని ఫోన్ చేస్తే, మేడం బస్సులో వచ్చారు, స్కాన్ మెషీన్ ఒళ్లో పెట్టుకొని. స్క్రీన్ మీద నల్లటి మచ్చ చూపించారు.

"గీడ నరం చినిగింది యాదగిరీ. దీని నెత్తురే దీనికి మందు చేద్దాం. తప్పకుంట అయితదని మాట ఇయ్యను."

వాపు తగ్గాక, చాందిని మెడ నుంచి రక్తం తీసి ఇంకో మెషీన్‌లో గిర్రున తిప్పారు. పైకి తేలిన పసుపుపచ్చ భాగంలో గాయం మాన్పే కణాలుంటాయట. పీఆర్‌పీ అంటారు. స్కాన్‌లో చూస్తూ సరిగ్గా చినిగిన చోటే సూదితో ఎక్కించారు.

అసలు కష్టం తర్వాతే. నెలల తరబడి రెస్ట్, పగ్గం పట్టుకొని మెల్లగా నడక. అంతే. ఇంతలో మా అన్న కొడుకు పెళ్లి వచ్చింది.

"మనింట్ల లగ్గానికి మన గుర్రం లేకుంటె ఎట్లరా? గడియసేపే గదా" అన్నాడు అన్న.

ఆ రోజు మేడం అక్కడే ఉన్నారు. "అన్నా, నీ కాలు ఇరిగి కట్టు గట్టినంక డీజే పెడితె ఆడుతవా?"

అన్న నవ్వేశాడు. "సరే మేడం, పిలగాడు కార్లనే వస్తడు తియ్. మీరు మాత్రం రావాలె."

వచ్చారు. భోజనం చేసి, పట్టుచీరతోనే కొట్టంలోకి పోయి చాందిని కాలు తడిమి చూశారు.

మరుసటి ఏడాదికి స్కాన్‌లో మచ్చ పూడింది. మళ్లీ ఆడుతుందని ఆశపడ్డాను.

"నడుస్తది, పెండ్లికొడుకును మోస్తది. ఎగిరి ఆడుడు బంద్. అతికిన నరం ఎనకటి లెక్క సాగది" అన్నారు.

బాధపడ్డాను. మేడం పక్కనే కూర్చొని చాయ్ తాగారు.

ఇప్పుడు గుర్రమంటే భయపడే పెళ్లికొడుకులందరూ చాందినినే అడుగుతారు.

నిన్న దేవరకొండ పోయాను. గొంగడి భుజాన వేసుకున్న ఒక పెద్దాయన మేడం కాళ్లు మొక్కి, "మా మందను బతికిచ్చినవు బిడ్డా" అన్నాడు.

నా గొంతులో ఉన్న మాట ఆయనే అనేశాడు. నేనూ మొక్కి పక్కకు జరిగాను. వెనక ఇంకా చాలామంది నిలబడి ఉన్నారు.

పోయి రండి మేడం. ఎక్కడున్నా చల్లగా, నిమ్మళంగా ఉండండి.